క్రాంక్‌కేస్ బ్రీదర్‌ని కనబడకుండా క్యాచ్ క్యాన్‌కి తిప్పడం: పైపు సైజు, దారి, వాల్వ్

#1 నల్లసింగిల్
బండి 500 సీసీ ఎయిర్‌కూల్డ్ సింగిల్ (ఒకే సిలిండర్), వెట్ సంప్ (ఆయిల్ ఇంజన్ అడుగునే ఉంటుంది), కార్బురేటర్. ఎయిర్‌బాక్స్ లేదు, కోన్ ఫిల్టర్ ఉంది. బ్రీదర్ నాజిల్ (ఇంజన్ లోపలి గాలి, ఆవిరి బయటికొచ్చే గొట్టం) క్రాంక్‌కేస్ పైభాగంలో, సిలిండర్ వెనక. నాజిల్ బయటి కొలత 13 మి.మీ., లోపలి రంధ్రం 10 మి.మీ. ప్రస్తుతం దానికి చిన్న పైపు, చివర బొటనవేలంత ఫిల్టర్. హైవే మీద గంట నడిపితే ఫిల్టర్ తడిసి, క్రాంక్‌కేస్ వెనకంతా జిడ్డు.

ప్లాన్: కుడి సైడ్ ప్యానెల్ వెనక 250 మి.లీ. క్యాన్, బ్రీదర్‌లోంచి వచ్చే ఆయిల్ పట్టడానికి. అక్కడిదాకా ఇరుకు కాబట్టి 8 మి.మీ. పారదర్శక పీవీసీ పైపు, క్యాన్‌లో స్టీల్ ఉన్ని. బయటికి ఏమీ కనబడకూడదు. తప్పులుంటే చెప్పండి.

#2 పిస్టన్‌పంతులు
పెద్ద తప్పు 8 మి.మీ. పైపులో ఉంది, క్యాన్ సంగతి తర్వాత.

10 మి.మీ. రంధ్రం వైశాల్యం 0.785 చ.సెం.మీ. 8 మి.మీ. అయితే 0.503. అంటే కంపెనీ ఇచ్చిన దారిలో మూడో వంతుకు పైగా మీరే మూసేస్తున్నారు. ఆ కంపెనీ దారే సింగిల్‌కి ఎంత ఇరుకో లెక్క చూడండి.

4000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక చుట్టుకి 15 మిల్లీసెకన్లు, పిస్టన్ కిందికి దిగడానికి అందులో సగం, 7.5. ఆ కాస్త సమయంలో పిస్టన్ కింద 500 సీసీ చోటు తగ్గుతుంది. అదంతా పైపులోంచే బయటికి పోవాలంటే సెకనుకు దాదాపు 67 లీటర్లు. 10 మి.మీ. రంధ్రంలో అది సెకనుకు 850 మీటర్ల వేగం, శబ్దవేగానికి రెట్టింపు పైనే. జరిగే పని కాదు. కొంత గాలి బయటికి పోతుంది, మిగతాది లోపలే నలుగుతుంది, పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు మళ్లీ విప్పారుతుంది. రింగుల పక్కనుంచి నిజంగా కిందికి జారే మండిన వాయువు, అంటే బ్లో-బై, దీని ముందు చాలా తక్కువ. పైపులో అటూ ఇటూ ఊగే గాలే ఎక్కువ, ఆయిల్ తుంపరని మోసుకొచ్చేదీ అదే.

పైపు సన్నబడితే రెండు నష్టాలు. లోపలి ఒత్తిడి పెరిగి స్ప్రాకెట్ సీల్, క్రాంక్ సీల్, సిలిండర్ బేస్ గాస్కెట్, డిప్‌స్టిక్, వీటిలో ఏది బలహీనమో అక్కడ ఆయిల్ ఊరడం మొదలవుతుంది. రెండోది, సన్నపైపులో గాలి వేగం ఎక్కువ కాబట్టి తుంపర గోడకి అంటి వెనక్కి జారే వీలు లేక క్యాన్ దాకా కొట్టుకుపోతుంది. నాజిల్ బయట 13 అంటున్నారు, అరంగుళం పైపు (లోపల 12.7 మి.మీ.) బిగుతుగా ఎక్కుతుంది. క్యాన్ దాకా, క్యాన్ నుంచి బయటికి కూడా అదే సైజు ఉంచండి. ఎక్కడా రెడ్యూసర్ వద్దు.

#3 గ్రీజుచేతులు
పారదర్శక పీవీసీ కూడా వద్దు. కొత్తలో ముచ్చటగా ఉంటుంది. ఇంజన్ వేడికి మెత్తబడి వంపు దగ్గర నొక్కుకుపోతుంది, తర్వాత పసుపెక్కి గట్టిపడి నాజిల్ దగ్గర చీలుతుంది. నైట్రైల్ రబ్బరు ఆయిల్ హోస్ వేయండి. ఇంజన్ పక్కన మరీ వేడి ఉంటే ఎఫ్‌కేఎమ్ (వేడినీ ఆయిల్‌నీ తట్టుకునే ఫ్లోరో రబ్బరు) లైనింగ్ ఉన్నది. రంగురంగుల మామూలు సిలికోన్ పైపు నీళ్లకి బాగుంటుంది. ఆయిల్‌కి అది ఉబ్బుతుంది, బయటికి చెమరుస్తుంది. దాని మీద దుమ్ము పట్టిందంటే ఇక దాచేదేమీ లేదు.

#4 ముడిచమురు
అందరూ పైపు దగ్గర ఆగిపోయారు. క్యాన్ నుంచి బయటికి ఎటు? కంపెనీ ఈ ఆవిరిని ఎయిర్‌బాక్స్‌కి కలిపింది ఊరికే కాదు. అక్కడి కొద్దిపాటి సక్షన్ క్రాంక్‌కేస్‌ని లాగుతుంది, ఆవిరి ఇంజన్‌లోనే కాలిపోతుంది. చాలా దేశాల్లో రోడ్డు మీద తిరిగే బండి క్రాంక్‌కేస్ ఆవిరిని నేరుగా గాలిలోకి వదలకూడదనే నిబంధన ఉంది. క్యాన్ మధ్యలో పెట్టి, దాని అవుట్‌లెట్‌ని తిరిగి ఇన్‌టేక్‌కి కలిపితే ఆయిల్ క్యాన్‌లో ఆగుతుంది, ఆవిరి మాత్రం ఇంజన్‌కి వెళ్తుంది. కోన్ ఫిల్టర్ ఉన్నా చేయొచ్చు: ఫిల్టర్‌కీ కార్బురేటర్‌కీ మధ్య రబ్బరు డక్ట్‌లో ఒక నాజిల్. కార్బురేటర్ దాటాక, మేనిఫోల్డ్ వైపు మాత్రం కలపకండి. అక్కడి వాక్యూమ్ చాలా ఎక్కువ, ఆయిల్‌ని క్యాన్‌తో సహా పీల్చేస్తుంది, మిక్స్చర్ కూడా పలచబడుతుంది.

ట్రాక్ బండి సంగతి వేరు. ఎఫ్ఐఎమ్ (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) రోడ్ రేసింగ్ నిబంధనలు ఇంజన్ బ్రీదర్‌కి కనీసం 500 మి.లీ., గేర్‌బాక్స్ బ్రీదర్‌కి 250 మి.లీ. ట్యాంకు అడిగాయి, అదీ చేతికి అందే చోట, రేసుకి ముందు ఖాళీ చేసి. అంటే 250 మి.లీ. క్యాన్‌ని ప్యానెల్ వెనక దాచి ట్రాక్‌కి తీసుకెళ్తే తనిఖీలో ఆగిపోవచ్చు.

#5 నల్లసింగిల్
రోడ్డు బండే. డక్ట్‌కి తిరిగి కలిపేస్తాను. అరంగుళం పైపు పట్టించాలంటే ఫ్రేమ్ ట్యూబ్‌కీ రియర్ ఫెండర్‌కీ మధ్య సందు చాలదు. కిందినుంచి, స్వింగ్ ఆర్మ్ పైన తిప్పి మళ్లీ పైకి తీసుకురావచ్చా?

#6 నట్టుబోల్టు
వద్దు. కిందికి దిగి మళ్లీ పైకి లేచిందంటే మధ్యలో వేలాడే మడత వచ్చినట్టే. అందులో నీళ్లూ ఆయిలూ నిలుస్తాయి, ఇంజన్ ఆ నీళ్లని గుడగుడమనిపిస్తూ ఊపిరి తీస్తుంది. గడ్డకట్టే చలిలో అది మంచు బిరడా అవుతుంది. అప్పుడు స్టార్ట్ చేస్తే సీల్ పోతుంది.

పైపు దారికి ఇంజన్‌ని బట్టి రెండు పద్ధతులు. మీలా క్రాంక్‌కేస్ నుంచి బయటికొచ్చే బ్రీదర్ అయితే ముందు నిటారుగా పైకి, వీలైతే 25–30 సెం.మీ. పెట్రోల్ ట్యాంకు కింద, ఫ్రేమ్ వెన్నుగొట్టం పక్కన చోటు ఉంటుంది, బయటికి కనబడదు కూడా. ఆ ఎక్కుడులో గోడకి అంటిన ఆయిల్ తిరిగి ఇంజన్‌లోకి జారిపోతుంది. పైన ఒక్కసారే వంచి, అక్కడినుంచి క్యాన్ దాకా ఆగకుండా దిగుడు. ఎక్కుడు ఒకటి, దిగుడు ఒకటి, అంతే. సిలిండర్ హెడ్ నుంచి బయటికొచ్చే బ్రీదర్ అయితే ఇప్పటికే ఎత్తులో ఉంది కాబట్టి మొదటి నుంచీ దిగుడే.

అరంగుళం నైట్రైల్ పైపుని ఎంత ఇరుకుగా వంచొచ్చో తయారీదారు చెప్పిన కొలత చూడండి. అంతకన్నా ఇరుకు కావాలంటే అచ్చులో పోసిన 90 డిగ్రీల మోచేయి వాడండి. ప్రతి 15–20 సెం.మీ.కీ రబ్బరు వేసిన పీ-క్లిప్ ఒకటి. జిప్ టై లాగి బిగిస్తే వేడెక్కిన పైపు నడుము నొక్కుకుపోతుంది. సైలెన్సర్ పైపుకి 5 సెం.మీ. లోపు వెళ్లాల్సి వస్తే హీట్ స్లీవ్ తొడగండి.

క్యాన్ బిగించే ముందు రియర్ షాక్‌లు విప్పి, స్వింగ్ ఆర్మ్‌ని పూర్తిగా పైకి ఎత్తి చూడండి. స్టాండ్ మీద విశాలంగా కనబడే చోటు గుంతలో పడ్డప్పుడు ఉండదు. టైరుకీ చైనుకీ క్యాన్‌కీ మధ్య 25 మి.మీ. తక్కువ కాకుండా మిగలాలి.

#7 వీట్విన్1200
ఇదే థ్రెడ్‌లో అడుగుతున్నా, విషయం దగ్గరిదే కాబట్టి. 2002 హార్లే స్పోర్ట్‌స్టర్ 1200, బయటి కంపెనీ ఎయిర్ క్లీనర్. రెండు హెడ్ బ్రీదర్‌లనీ ఒక పైపుతో కలిపి అక్కడితో ముగించేయొచ్చని ఎవరో రాశారు. నిజమేనా? క్యాన్ పెట్టాలంటే ఎక్కడ?

#8 పిస్టన్‌పంతులు
@వీట్విన్1200 ఆ రాసినవారి మాట వినకండి. రెండిటినీ కలిపి ముగించేస్తే ఒక ముక్కులోంచి వదిలిన గాలిని ఇంకో ముక్కులో పెట్టినట్టు. బయటికి దారే ఉండదు. 45 డిగ్రీల వీట్విన్‌లో (వీ ఆకారంలో రెండు సిలిండర్లు) రెండు పిస్టన్లూ దాదాపు కలిసే ఎక్కి దిగుతాయి, కాబట్టి రెండు వైపులా ఒత్తిడి ఒకేసారి వస్తుంది. ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు.

1991 నుంచి స్పోర్ట్‌స్టర్‌లో ఊపిరి హెడ్‌ల లోంచే. ఆవిరి రాకర్ బాక్స్‌లోకి ఎక్కి, అక్కడి గొడుగు ఆకారపు రబ్బరు వాల్వ్ దాటి, హెడ్‌లోని దారి గుండా ఎయిర్ క్లీనర్ వెనకపళ్లెం బిగించే బోలు బోల్టుల్లోంచి బయటికి వస్తుంది. ఆ బోల్టులు రెండు పనులు చేస్తున్నాయి: ఊపిరి వదలడం, ఎయిర్ క్లీనర్ బరువు మోయడం. వాటి స్థానంలో బాంజో బోల్టులు (పక్కకి పైపు తగిలించే బోలు బోల్టులు) వేసేటప్పుడు వెనకపళ్లేనికి ఆధారం పోకుండా చూడండి. ఆధారం పోతే కార్బురేటరూ క్లీనరూ కలిసి ఇన్‌టేక్ మేనిఫోల్డ్ సీళ్ల మీద వేలాడతాయి, కొన్నాళ్లకి అక్కడ గాలి లీక్.

పైపులు: ఒక్కో హెడ్ నుంచి 9.5 మి.మీ. పైపు, వై-జాయింట్ దగ్గర కలిపి 12.7 మి.మీ. పైపు. రెండు సన్నవాటి వైశాల్యం కలిపితే 1.42 చ.సెం.మీ., పెద్దదాని వైశాల్యం 1.27. దగ్గరగానే ఉంది, సరిపోతుంది. టీ-జాయింట్ కన్నా వై మేలు, రెండు గాలులూ ఎదురెదురుగా కొట్టుకోవు. క్యాన్ ఇంజన్ ముందు, ఫ్రేమ్ డౌన్‌ట్యూబ్‌ల మధ్య పెట్టండి. హెడ్‌ల నుంచి అక్కడికి దిగుడే, ఎదురుగాలికి క్యాన్ చల్లగా ఉండి ఆవిరి బాగా ద్రవంగా మారుతుంది. నల్లరంగు వేస్తే కళ్లు పెట్టి వెతికినవాళ్లకే కనిపిస్తుంది.

#9 గ్రీజుచేతులు
@వీట్విన్1200 క్యాన్ కొనే ముందు ఇంకోటి. ఆ ఇంజన్ డ్రై సంప్, ఆయిల్ విడి ట్యాంకులో ఉంటుంది. చాలా రోజులు నిలబెడితే ట్యాంకులోని ఆయిల్ చెక్ బాల్ (ఆయిల్ జారకుండా ఆపే గుండు) పక్కనుంచి క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. చల్లగా ఉన్నప్పుడు చూస్తే లెవెల్ తక్కువగా కనిపిస్తుంది, పైన ఇంకాస్త పోస్తారు, స్టార్ట్ చేయగానే ఎక్కువైనదంతా బ్రీదర్‌లోంచి కక్కుతుంది. వేడి ఇంజన్ మీద, మాన్యువల్ చెప్పిన తీరులో బండి నిలబెట్టి లెవెల్ చూడండి. తర్వాత రాకర్ కవర్లు విప్పి గొడుగు వాల్వ్‌లు చూడండి. అంచు చిరిగినా, గట్టిపడి వంకర తిరిగినా మార్చడమే. పక్కనున్న చిన్న ఆయిల్ రంధ్రం మూసుకుపోయి ఉంటే ఆయిల్ వెనక్కి దిగలేక బ్రీదర్‌నే పట్టుకుంటుంది. ఈ మూడూ సరిచేస్తే సగం బళ్లకి క్యాన్ అవసరం ఉండదు.

#10 పిస్టన్‌పంతులు
@నల్లసింగిల్ క్యాన్ లోపలి సంగతి. 50 మి.మీ. బయటి కొలత, 2 మి.మీ. గోడ ఉన్న అల్యూమినియం గొట్టం 15 సెం.మీ. ముక్క తీసుకుంటే లోపల 46 మి.మీ., ఘనపరిమాణం 249 మి.లీ. కానీ దాన్ని 250 మి.లీ. క్యాన్ అనుకోకండి. బాఫిల్ (లోపలి అడ్డరేకు) కింద నిలిచే చోటే లెక్క, అది సుమారు సగం. నిండుతున్న క్యాన్‌లో గాలి ఆయిల్‌ని మళ్లీ చిలికి బయటికి తీసుకెళ్తుంది.

ఇన్‌లెట్, అవుట్‌లెట్ రెండూ పైనే, కానీ ఎదురెదురుగా కాదు. ఇన్‌లెట్ గొట్టం లోపలికి 5 సెం.మీ. దిగి, కింది చివర ఏటవాలుగా కోసి, నోరు గోడకి తిరిగి ఉండాలి. గాలి గోడకి కొట్టుకుని తిరుగుతుంది, బరువైన తుంపర అంటుకుంటుంది. దాని కింద 3 మి.మీ. రంధ్రాలు నిండుగా ఉన్న రేకు అడ్డంగా పెట్టండి. అవుట్‌లెట్ మూత కిందే మొదలవ్వాలి. అడుగున డ్రెయిన్ ప్లగ్ లేదా చిన్న బాల్ వాల్వ్.

స్టీల్ ఉన్ని పేరెత్తొద్దు. క్యాన్‌లో పడేదాంట్లో నీళ్లు ఎక్కువ, ఉన్ని తుప్పు పట్టి పొడి అవుతుంది. మీరు అవుట్‌లెట్‌ని డక్ట్‌కి కలుపుతున్నారు, ఆ పొడి నేరుగా కార్బురేటర్‌కి, అక్కడినుంచి సిలిండర్‌కి. నింపాలనుకుంటే ముతక స్టెయిన్‌లెస్ అల్లిక, అదీ వదులుగా, పైన ఇంకో రంధ్రాల రేకుతో నొక్కి. గట్టిగా కుక్కితే మళ్లీ 8 మి.మీ. పైపు కథే.

#11 ఊపిరి360
వన్‌వే వాల్వ్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? సింగిల్‌కి అసలు మందు అదే కదా. కారు బ్రేక్ బూస్టర్ చెక్ వాల్వ్ తక్కువలో దొరుకుతుంది.

#12 నట్టుబోల్టు
బ్రేక్ బూస్టర్ వాల్వ్ స్ప్రింగ్‌తో నెమ్మదిగా కదిలేది. 4000 ఆర్‌పీఎమ్ దగ్గర సింగిల్‌కి వాల్వ్ సెకనుకు 67 సార్లు తెరిచి మూయాలి. అది ఆ వేగం అందుకోలేక సగం తెరుచుకుని ఉండిపోతుంది. పైగా దాని లోపలి దారి సన్నం. రీడ్ వాల్వ్ తీసుకోండి, పలుచని రేకు కాబట్టి వేగం అందుకుంటుంది. పాత ఇనుప సిలిండర్ బుల్లెట్‌లలో ఉండే బాతుముక్కు లాంటి రబ్బరు కూడా ఇదే పని చేస్తుంది.

వాల్వ్ ఇంజన్‌కి ఎంత దగ్గరైతే అంత మంచిది. దూరంగా క్యాన్ దగ్గర పెడితే మధ్య పైపులోని గాలి ఊగుతూనే ఉంటుంది. లాభం రెండు రకాలు: క్రాంక్‌కేస్ సగటు ఒత్తిడి బయటికన్నా తగ్గుతుంది, లీకులు తగ్గుతాయి. ఇంజన్ క్యాన్‌లోంచి తేమగాలిని వెనక్కి పీల్చదు. బాణం గుర్తు చూసి, నోటితో ఊది చూసి మరీ బిగించండి. తిరగేస్తే లోపలికి మాత్రమే తెరుచుకుని ఇంజన్‌ని పంపులా నింపుతుంది.

#13 ముడిచమురు
వాల్వ్ అన్ని ఇంజన్లకీ కాదు. సింగిల్, 360 డిగ్రీల ట్విన్ (రెండు పిస్టన్లూ కలిసే ఎక్కి దిగేది), ఇరుకు కోణం వీట్విన్, వీటికి ఫలితం కనిపిస్తుంది. మామూలు ఇన్‌లైన్ ఫోర్‌లో రెండు పిస్టన్లు ఎక్కితే రెండు దిగుతాయి, మొత్తం చోటు పెద్దగా మారదు. అక్కడ బ్రీదర్‌లో వచ్చేది దాదాపు బ్లో-బై మాత్రమే, వాల్వ్ దండగ. స్పోర్ట్‌స్టర్‌లో గొడుగు వాల్వ్‌లే వన్‌వే, దాని మీద ఇంకోటి పెడితే అడ్డం తప్ప లాభం లేదు. చలిలో రీడ్ రేకుల మీద పాలకాఫీ రంగు జిగురు పట్టి అతుక్కుంటుంది, కాబట్టి పెట్టినవాళ్లు ఆయిల్ మార్చిన ప్రతిసారీ విప్పి కడగాలి. కడగనంటే పెట్టొద్దు.

#14 నల్లసింగిల్
ఆ పాలకాఫీ జిగురు ఎంత వస్తే మామూలు? దాన్ని తిరిగి ఇంజన్‌లో పోసేయొచ్చా?

#15 గ్రీజుచేతులు
పోయొద్దు. అందులో నీళ్లు, కాలని పెట్రోలు, ఆమ్లాలు ఉంటాయి. వాడేసిన ఆయిల్ డబ్బాలో కలిపి పారవేతకి ఇవ్వండి. జిగురు రావడం జబ్బు కాదు. చిన్న దూరాలు తిప్పి ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపితే నీటి ఆవిరి ఎగిరిపోక చల్లని క్యాన్ గోడకి పడుతుంది. ఎంత అన్నది బండి వాడకాన్ని బట్టి. మొదట 500 కి.మీ.కి ఒకసారి విప్పి కొలిచి రాసుకోండి, లెక్క నిలకడగా ఉంటే గడువు పెంచండి.

నీళ్ల మరక లేకుండా నల్లని ఆయిలే నిండుతుంటే అది వేరే కథ. ఆయిల్ లెవెల్ ఎక్కువ, లేదా రింగులు. లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత శాతం కారుతోందో చూడటం) చేయండి. 10 శాతం లోపు ఉంటే ఇంజన్ బాగుంది. 20 దాటి, ఆయిల్ మూత తీసినచోట బుస్సుమని గాలి వినిపిస్తే క్యాన్ ఎంత పెద్దది పెట్టినా తుడుచుకోవడమే.

దాచిన క్యాన్‌తో అసలు ఇబ్బంది ఇదే. కనబడదు కాబట్టి మర్చిపోతారు. డ్రెయిన్ నుంచి చిన్న పైపు ప్యానెల్ అంచు దాకా తెచ్చి బిరడా పెట్టండి, ప్యానెల్ విప్పకుండానే ఖాళీ చేయొచ్చు.

#16 పిస్టన్‌పంతులు
అంతా బిగించాక పని చేస్తోందో లేదో ఊహించక్కర్లేదు. ఒక పాత ఆయిల్ మూతకి చిల్లు పెట్టి సన్నపైపు అమర్చండి. ఆ పైపుని యూ ఆకారంలో వంచిన పారదర్శక గొట్టానికి కలిపి, అందులో సగం నీళ్లు. రెండు వైపుల నీటిమట్టం తేడా 10 సెం.మీ. అంటే సుమారు 1 కిలోపాస్కల్. సింగిల్‌లో నీళ్లు ఎగిరెగిరి పడతాయి కాబట్టి మధ్యలో 1 మి.మీ. జెట్ ఒకటి అడ్డం పెట్టండి. రీడ్ వాల్వ్ ఉంటే వాక్యూమ్ నీళ్లని ఇంజన్‌లోకి లాగొచ్చు, అందుకే మూతకీ గొట్టానికీ నడుమ ఖాళీ సీసా ఒకటి. స్టాండ్ మీదే ముందు నాజిల్ పైపు పీకి, తర్వాత మొత్తం సిస్టమ్ తగిలించి, ఒకే ఆర్‌పీఎమ్ దగ్గర రెండు రీడింగ్‌లు తీసుకోండి. తగిలించినప్పుడు ఒత్తిడి ఎక్కువ చూపిస్తే ఆ తేడా మీ పైపులదీ క్యాన్‌దీ.

#17 నల్లసింగిల్
చివరి లేఅవుట్: నాజిల్ దగ్గర 6 సెం.మీ. పైపు, రీడ్ వాల్వ్, అక్కడినుంచి ట్యాంకు కింద 28 సెం.మీ. నిటారుగా ఎక్కుడు, వెన్నుగొట్టం పక్కన ఒక మోచేయి, సైడ్ ప్యానెల్ వెనక క్యాన్‌కి దిగుడు, అవుట్‌లెట్ డక్ట్‌కి. అన్నీ అరంగుళం నైట్రైల్. డ్రెయిన్ పైపు ప్యానెల్ కింది అంచుకి. కార్బురేటర్ ఓవర్‌ఫ్లో పైపు కూడా వేలాడకుండా క్యాన్‌కే కలిపేశాను, చూడ్డానికి నీటుగా ఉంది.

#18 నట్టుబోల్టు
ఓవర్‌ఫ్లో వెంటనే తీసేయండి! ఫ్లోట్ సూది ఇరుక్కుంటే పెట్రోల్ ట్యాంకు మెల్లగా క్యాన్‌లోకి ఖాళీ అవుతుంది. క్యాన్ నిండాక మీ డక్ట్ గొట్టంలోంచి పొంగి కార్బురేటర్ నోట్లోకి, అక్కడినుంచి సిలిండర్‌కి, రింగులు దాటి ఆయిల్‌లోకి. ఓవర్‌ఫ్లో, పెట్రోల్ ట్యాంకు వెంట్, బ్యాటరీ వెంట్, వీటిలో ఏదీ క్యాన్‌కి కలపకూడదు. ఓవర్‌ఫ్లో పైపు ఇంజన్ వెనకనుంచి నేల వైపు, సైలెన్సర్‌కీ టైరుకీ దూరంగా వదలండి. పెట్రోలు కారుతుంటే అది కంటికి కనబడాలి.

ఇంకోటి, రీడ్ వాల్వ్ ఎక్కుడు మొదట్లో ఉంది. పైన గోడకి అంటిన ఆయిల్ కిందికి జారి రేకుల మీద నిలుస్తుంది, ఇంజన్‌లోకి దిగదు. వాల్వ్‌ని ఎక్కుడు పైకి, మోచేయి ముందుకి మార్చండి. ఇంజన్‌కి కాస్త దూరమైనా ఈ బండికి అదే నయం.

#19 నల్లసింగిల్
ఓవర్‌ఫ్లో విప్పేశాను, క్యాన్ మీద ఆ నాజిల్‌కి బిరడా వేశాను. వాల్వ్ మోచేయి కిందికి మారింది, నాజిల్ నుంచి 31 సెం.మీ. యూ-గొట్టం రీడింగ్ 3000 దగ్గర: పైపు పీకినప్పుడు 4 సెం.మీ. ఒత్తిడి, మొత్తం తగిలించాక 9 సెం.మీ. వాక్యూమ్.

#20 పిస్టన్‌పంతులు
బాగుంది. ఆ 9 అంకెని క్యాన్ మీద మార్కర్‌తో రాసిపెట్టండి. తర్వాత ఎప్పుడైనా అది సున్నా వైపు జారితే ముందు రీడ్ రేకులు విప్పి చూడాలి, ఆ తర్వాతే రింగుల సంగతి.